అవసరం లేదని చెప్పినది

ఈ కథను మొదటి వారం నుంచీ చదువుతున్నవారికి రాజశ్రీ కొత్త మనిషి కాదు. ఈ వారమే పత్రిక చేతికి తీసుకున్నవారి కోసం నాలుగు మాటలు చెప్పుకుందాం.

రాజశ్రీ రేణిగుంట అవతల మల్లెంపాళేనికి వీఆర్వో. పోలీసులు ఎవరినైనా సోదా చేస్తే, జరిగినదంతా కళ్ళారా చూశామని రాసివ్వడానికి ఇద్దరు బయటి మనుషులు కావాలి. వాళ్ళను మధ్యవర్తులంటారు. చుట్టుపక్కల ఎక్కడ అవసరం వచ్చినా ఆ పనికి రాజశ్రీనీ, ఊరి తలారి వెంకటమునినీ పిలవడం అలవాటైపోయింది. పదకొండు నెలల కిందట, శ్రీ సిటీలో రాత్రి షిఫ్టు దిగి వస్తున్న కార్మికుల బస్సును పొద్దున్నే పెద్దరోడ్డు మీద ఆపారు. అఖ్సా అనే ఇరవై రెండేళ్ళ పిల్ల చుడీదారు జేబులో మత్తు పొడి పొట్లం దొరికిందని కేసు రాశారు. పొట్లం తన సీటు కింద పడి ఉండిందనీ, తనది కాదనీ ఆ పిల్ల చెప్పింది. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. రాజశ్రీ ఆ సోదాను చూడలేదు. చూశానని సంతకం మాత్రం చేసింది. అఖ్సా జైలుకు పోయింది. బెయిలు రెండుసార్లు కొట్టేశారు. కిందటి వారం రాజశ్రీకి సాక్ష్యం చెప్పమని సమన్లు వచ్చాయి. భర్త మునిచంద్ర ఆ కాగితం అటూ ఇటూ తిప్పి చూసి, "రాసిందే చెప్పేసి వచ్చేయ్. మనకెందుకు లేనిపోని తంటా?" అన్నాడు. ఆమె సరేనంది.

ఇక ఈ రోజు.

తిరుపతి కోర్టు వరండాలో పదిన్నరకే ఎండ సగం బెంచీని ఆక్రమించుకుంది. నీడగా ఉన్న సగంలో రాజశ్రీ కూర్చుంది. ఎస్సై ధర్మేంద్ర వచ్చి పలకరించాడు. ముప్పై ఏళ్ళవాడు, నవ్వు ముఖం, మర్యాద తెలిసినవాడు. ఆమె కొడుకు పరీక్షలు ఎలా రాశాడో అడిగాడు. తర్వాత ఒక జిరాక్సు కాగితం చేతిలో పెట్టాడు.

"ఒక్కసారి చూసుకోండి మేడం. టైము ఏడు నలభై. అదొక్కటి మర్చిపోవద్దండి. సోదా చేసింది మహిళా కానిస్టేబులు. మీరు పక్కనే ఉండారు. అంతే. పోయిన వాయిదాకు వెంకటముని కూడా అట్లే చెప్పి పోయినాడు. మధ్యాన్నం అన్నానికి ఇంటికి పోతారు."

"సరే సార్."

అతను ఫోను మాట్లాడుకుంటూ మెట్లు దిగి వెళ్ళాడు. రాజశ్రీ కాగితం చదవలేదు. మడిచి బ్యాగులో వేసుకుంది. ఏడు నలభై, మహిళా కానిస్టేబులు, పక్కనే ఉన్నాను. మూడు ముక్కలు. నోట్లో అవి రుచీ పచీ లేకుండా ఉన్నాయి. భయంగా ఉందా అని తనను తాను అడిగి చూసుకుంది. లేదు. బాధగా ఉందా? అదీ లేదు. పన్ను పీకడానికి ముందు సూది వేస్తే చెంప తనది కానట్టు ఉంటుంది చూడండి, పదకొండు నెలలుగా ఆమెకు ఒళ్ళంతా అలాగే ఉంది. ఇంట్లో వండుతుంది, ఊళ్ళో సర్వే చేస్తుంది, కొడుకుకు చొక్కా గుండీలు పెడుతుంది. దేనికీ ఏమీ అనిపించదు.

బెంచీ రెండో చివర, ఎండలోనే, నల్ల బురఖా వేసుకున్న ఒకావిడ వచ్చి కూర్చుంది. యాభై ఏళ్ళుంటాయి. ముఖం మీద ముసుగు లేదు. ఒళ్ళో పాత బట్టల సంచీ. అందులోనుంచి కాగితాల కట్ట తీసి, పైది కిందికీ కిందది పైకీ మార్చి, మళ్ళీ సర్దుకుంది. కాసేపటికి ఇటు తిరిగింది.

"అమ్మా, నీకు తెలుగు చదివేదొస్తాదా?"

"వస్తాదమ్మా. ఇట్ల నీడలోకి జరగండి."

ఆవిడ జరిగింది. "నాకు ఉర్దూ వస్తాది, తెలుగు కూడబలుక్కోవల్ల. మా ఆయన బాగా చదువుతాడు. ఆయన రాడు. రెండోసారి బెయిలు కొట్టేసినప్పటి నుంచీ ఈ పక్క తొంగి సూడడు. పొద్దున పరుపుల అంగడి తెరుస్తాడు, దూదిలో కూర్చుంటాడు, సాయంత్రం మూస్తాడు. నాతో కూడా మాట్లాడేది తక్కువ." కట్టలోనుంచి మూడు కాగితాలు వేరుచేసి ఇచ్చింది. "ఈ పొద్దు దీని మీదనే అడుగుతారంట. లాయరమ్మ చెప్పింది. దీంట్లో నా బిడ్డ గురించి ఏం రాసినారో చదివి చెప్తావా తల్లీ?"

రాజశ్రీ అందుకుంది. పేజీ తిప్పకముందే తెలుసు. మూడో పేజీ అడుగున, కుడి పక్కన, తన సంతకం. నీలం సిరాతో చేసింది. జిరాక్సులో నల్లగా పడింది. ఈవిడ జహీరున్నీసా. అఖ్సా తల్లి.

చదవడం రాదని ముందే చెప్పి ఉంటే బాగుండేది. ఇప్పుడిక చెప్పడానికి లేదు. లేచి వెళ్ళిపోవచ్చు. లేవలేదు. కనుక చదివింది, గ్రామసభలో అర్జీ చదివే గొంతుతో, అక్షరం పొల్లు పోకుండా.

"...బస్సును ఆపి, పదహారవ సీటులోనున్న యువతిని దింపి, ఆమెను ఆపుటకు గల కారణమును ఆమెకు అర్థమగు భాషలో వివరించినాము. గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేటు ఎదుట సోదా చేయించుకొను హక్కు ఆమెకు కలదని తెలియజేయగా, అవసరం లేదని చెప్పినది..."

"ఆగు తల్లీ. అది ఇంకొకసారి చెప్పు. ఏం హక్కు?"

"ఒంటి మీద సోదా చేసే ముందర చెప్పాలమ్మా. మీరు కావాలంటే పెద్దాఫీసరు దగ్గరకో, జడ్జి దగ్గరకో తీసుకుపొయ్యి వాళ్ళ ముందర సోదా చేస్తాము అని."

"మనం అడగొచ్చునా అట్ల? నన్ను ముట్టుకోవద్దండి, ముందు జడ్జి దగ్గరికి పిలుచుకొని పోండి అని?"

"ఇట్లాంటి కేసుల్లో అడగొచ్చు."

"ఎవరైనా? మా మాదిరి వాళ్ళు కూడా?"

"ఎవరైనానమ్మా."

జహీరున్నీసా ఆ వరుస ఎక్కడుందో కాగితం మీద వేలితో వెతికింది. "యాభై రెండేళ్ళు వచ్చినాయి నాకు. ఈ మాట ఇప్పుడు వింటా ఉండా. దాన్ని నా బిడ్డ వద్దనిందా? బస్సులో ఎవడన్నా మోచెయ్యి తగిలిస్తే రోడ్డంతా వినేటట్టు అరిచే పిల్లమ్మా అది. ఆ పొద్దు మాత్రం అవసరం లేదనిందా?"

"అట్ల రాసినారు."

"సరే. ఇంకా చదువు."

"...స్త్రీ మర్యాదకు భంగము కలుగకుండా, మహిళా కానిస్టేబులు చేత, మహిళా మధ్యవర్తి సమక్షమున, చాటుగా సోదా చేయించి, యావత్తు సోదాను సెల్‌ఫోనులో వీడియో తీయించినాము..."

ఆవిడ చెయ్యి వచ్చి రాజశ్రీ మణికట్టు మీద పడింది. వేళ్ళు సూదిపోట్లతో గరుకుగా ఉన్నాయి.

"ఆడమనిషేనా సోదా చేసింది?"

"రాసింది అట్లనే ఉండాది."

"పక్కన ఇంకొక ఆడమనిషి కూడా ఉండిందా?"

రాజశ్రీ తలూపింది. ఊపిందో, తల దానంతట అదే ఊగిందో ఆమెకు తెలియలేదు.

"యా అల్లా." జహీరున్నీసా కళ్ళు మూసుకుంది. చాలాసేపు ఊపిరి పట్టుకున్న మనిషి వదిలినట్టుగా వదిలింది. "పదకొండు నెలలుగా నేను అడిగేది ఇదొక్కటే తల్లీ. ములాఖాత్‌కు పోయినప్పుడల్లా అడుగుతా. నిన్ను ఎవరు తడిమినారే, ఎవరెవరు ఉండినారే అని. గోడ పక్కకు తిరుక్కుంటాది. తిన్నావా అంటే చెప్తాది, నిద్ర పోయినావా అంటే చెప్తాది. ఇది అడిగితే మాత్రం నోట్లో నాలిక ఉండదు. రాత్రంతా నేను ఏమేమో అనుకుంటా. ఈ పొద్దు తెలిసింది. ఇద్దరు ఆడోళ్ళు ఉండినారంట కదా. పోనీలే. కేసు ఏమన్నా కానీ. ఆ పక్కనుండిన తల్లి పేరేంది, రాసినారా దీంట్లో?"

"జిరాక్సు సరిగ్గా పడలేదమ్మా."

"ఎవరైతే ఏం. ఆ తల్లి ఉండింది కదా, నా బిడ్డ పక్కన."

సంచీలోంచి నీళ్ళ సీసా తీసి ముందు రాజశ్రీకి ఇచ్చింది. రాజశ్రీ తాగింది.

ఆ రోజు ఏం జరిగిందో రాజశ్రీకి బాగానే గుర్తుంది. గుర్తు లేక కాదు. ఏడు నలభైకి ఆమె ఇంట్లో కొడుకు డబ్బాలో పులిహోర పెడుతూ ఉంది. ఎనిమిది దాటాక ధర్మేంద్ర ఫోను చేశాడు. స్కూటీ మీద వెళ్ళేసరికి ఎనిమిదిన్నర. బస్సు రోడ్డు పక్కన ఆగి ఉంది. కిటికీల్లోనుంచి ఆడపిల్లలు తొంగిచూస్తుంటే ఒక కానిస్టేబులు లాఠీతో రేకు మీద కొట్టి అద్దాలు మూయించాడు. బస్సు వెనక, ముళ్ళచెట్ల పక్క, అఖ్సా రేకుకు ముఖం పెట్టి నిలబడి ఉంది. రెండు చేతులూ పైకెత్తి రేకుకే ఆనించి ఉన్నాయి. చున్నీ దుమ్ములో పడి ఉంది. చెప్పులు విప్పించారు. చుట్టూ నలుగురు మగవాళ్ళు. ఆడ కానిస్టేబులు లేదు. ఇంకో పావుగంటకు వచ్చింది, ఎక్కడినుంచో, హెల్మెట్ కూడా తియ్యకుండా సంతకం పెట్టి పోయింది.

స్కూటీ చప్పుడుకు అఖ్సా తల తిప్పింది. వచ్చింది ఆడమనిషి అని చూసింది. ఆ పిల్ల కళ్ళల్లో ఒక్కసారిగా ఏదో ఆశ లేచింది. పెదవులు కదిలాయి. అంతలో ధర్మేంద్ర, "అంతా అయిపొయ్యింది మేడం, ఈడ ఒకటి, ఈడ ఒకటి" అని జీపు బ్యానెట్ మీద కాగితాలు పరిచాడు. రాజశ్రీ కాగితం వైపు తిరిగింది. సంతకం చేసి మళ్ళీ తలెత్తేసరికి అఖ్సా ముఖం రేకుకు తిరిగిపోయి ఉంది. చున్నీ అక్కడే ఉంది. రెండడుగుల దూరం. వంగి తీసి ఇవ్వవచ్చు. ఇవ్వలేదు.

అప్పటినుంచే ఒళ్ళంతా ఆ సూది మందు మొద్దు.

"సాక్షి రాజశ్రీ! రాజశ్రీ! రాజశ్రీ!"

అటెండర్ గుమ్మంలో నిలబడి మూడుసార్లు కేక పెట్టాడు. "మల్లెంపాళెం వీఆర్వో, మధ్యవర్తి రాజశ్రీ!"

రాజశ్రీ లేచింది. కాగితాలు ఇంకా తన చేతిలోనే ఉన్నాయి. వాటిని జహీరున్నీసా ఒళ్ళో పెట్టింది. ఆవిడ కాగితాల వైపు చూడలేదు. రాజశ్రీ ముఖం వైపు చూసింది. కోపంగా కాదు. బజార్లో ఎక్కడో చూసిన మనిషిని గుర్తుపట్టాలని ప్రయత్నిస్తున్నట్టు.

"నువ్వేనా?" అంది మెల్లగా.

రాజశ్రీ లోపలికి నడిచింది.

కోర్టు హాలు చిన్నది. ఫ్యాను శబ్దమే ఎక్కువ. ఎడమ పక్కన చెక్క కటకటాల వెనక అఖ్సా నిలబడి ఉంది, అటొక ఆడ పోలీసు, ఇటొక ఆడ పోలీసు. పదకొండు నెలల్లో ఆ పిల్ల సగానికి సగం అయింది. తలవంచుకుని బొటనవేలి గోరు చూసుకుంటోంది. వెనక బెంచీలో ధర్మేంద్ర. రాజశ్రీ బోనెక్కి, దేవుడి ఎదుట ప్రమాణం చేసి, నిజమే చెబుతానంది.

ప్రభుత్వం తరఫు లాయరు కళ్ళద్దాలు సర్దుకున్నాడు. "అమ్మా, ఆ రోజు ఉదయం ఏడు నలభైకి మీరు ఎక్కడున్నారు?"

"ఇంట్లో ఉండాను సార్."

ఎందుకలా అన్నావని తర్వాత చాలామంది ఆమెను అడిగారు. ధైర్యం వచ్చి కాదు. పశ్చాత్తాపం పొంగి కాదు. మూడు ముక్కలూ కంఠతా వచ్చు. కానీ అబద్ధం చెప్పడానికి కూడా కొంత ఓపిక కావాలి. వరండాలో ఆ తల్లికి మూడు పేజీలు చదివేసరికి ఉన్న కాస్త ఓపికా అయిపోయింది. ఏడు నలభైకి ఎక్కడున్నావని అడిగారు. ఇంట్లో ఉంది. చెప్పింది.

లాయరు నవ్వాడు. "కంగారు పడకండి. ఏడు నలభైకి బస్సు దగ్గర, సోదా జరిగినప్పుడు..."

"అప్పుడు నేను ఆడ లేను సార్. నేను పోయింది ఎనిమిదిన్నరకు. సోదా నేను సూడలేదు."

వెనక బెంచీ కిర్రుమంది. లాయరు న్యాయమూర్తి వైపు తిరిగి, సాక్షి ఎదురు తిరిగిందనీ తానే క్రాసు ప్రశ్నలు వేయడానికి అనుమతి కావాలనీ అడిగాడు. న్యాయమూర్తి చెయ్యెత్తి ఆపారు. నెరిసిన మనిషి, గొంతు పెంచని మనిషి.

"అమ్మా, ఈ రిపోర్టు మీద సంతకం మీదేనా?"

"నాదే సార్."

"ఎవరైనా బెదిరించి పెట్టించారా?"

"లేదు సార్."

"మరి చూడనిది చూసినట్టు ఎలా సంతకం చేశారు?"

రాజశ్రీ ఆలోచించింది. నిజంగానే ఆలోచించింది. "చెయ్యమన్నారు సార్, చేసినాను. అంతకు ముందు కూడా అట్లనే చేసినాను. పిలుస్తారు, పోతాము. అప్పటికంతా అయిపోయుంటాది."

"దీనివల్ల మీ మీద కేసు రావచ్చు. ఉద్యోగం పోవచ్చు. తెలిసే చెబుతున్నారా?"

"తెలుసు సార్."

ఆయన అదంతా రాయించారు. టైపు చప్పుడు ఆగాక, అఖ్సా తరఫు లాయరు లోహిత లేచింది. న్యాయసేవల తరఫున కోర్టే ఇచ్చిన లాయరు. వయసు చిన్న, ఫైలు అంచులు చిరిగేదాకా చదివిన మనిషి.

"మెజిస్ట్రేటు ముందు సోదా చేయించుకునే హక్కు ఉందని అఖ్సాకు ఎవరైనా చెప్పడం మీరు విన్నారా?"

"లేదు."

"అవసరం లేదని అఖ్సా చెప్పడం?"

"ఆ పిల్ల నోట్లోంచి ఒక్క మాట కూడా నేను వినలేదు."

"మహిళా కానిస్టేబులు?"

"నా తర్వాత వచ్చింది."

లోహిత న్యాయమూర్తి వైపు తిరిగింది. "సోదా అంతా వీడియో తీశామని రిపోర్టులో ఉంది సార్. కోర్టుకు ఇచ్చినది నాలుగు నిమిషాలు. అందులో బ్యానెట్ మీద పొట్లం ఉంది, తక్కెడ ఉంది. మనిషి లేదు." మళ్ళీ ఇటు తిరిగి, కొంచెం నెమ్మదిగా అడిగింది. "రాజశ్రీ గారూ, మీరు వెళ్ళేసరికి అఖ్సా ఎక్కడ ఉంది? ఎలా ఉంది? ఆమె చుట్టూ ఎవరెవరు ఉన్నారు?"

రాజశ్రీ తలెత్తింది. గుమ్మం దగ్గర, తలుపు రెక్క పట్టుకుని, జహీరున్నీసా నిలబడి ఉంది. ఎప్పుడు వచ్చిందో. ఒక చేతిలో ఆ మూడు కాగితాలు. పొద్దున ఆ తల్లి ఊపిరి వదలడం రాజశ్రీ చూసింది. ఈ ప్రశ్నకు జవాబు చెబితే బిడ్డ బయటికి రావచ్చు. జవాబు చెబితే ఆ తల్లికి పొద్దున దొరికిన ఒకే ఒక్క నెమ్మది అక్కడికక్కడే పోతుంది.

"చెప్పండి," అన్నారు న్యాయమూర్తి.

"బస్సు వెనక పక్క సార్. ఆ పిల్ల..."

"సార్."

ఆ గొంతు ఎవరిదో ముందు ఎవరికీ తెలియలేదు. వాడక తుప్పు పట్టిన గొంతు. అఖ్సా కటకటాలు పట్టుకుని నిలబడి ఉంది. తల ఎత్తి ఉంది.

"సార్, మా అమ్మను బయటికి పంపించండి."

పక్కనున్న ఆడ పోలీసు భుజం మీద చెయ్యి వేసి ఆపబోయింది. న్యాయమూర్తి వద్దని సైగ చేశారు.

"ఈమె వచ్చింది అంతా అయిపోయినాక సార్. ఈమె సూసింది చానా కొంచెం. ఈమె రాకముందు ఏం జరిగిందో నేను చెప్తాను. ఎవరెవరో పేర్లు కూడా చెప్తాను. ఇన్ని దినాలు నేను చెప్పకుండా ఉండింది అమ్మ వింటాదనే. అమ్మను పంపించేయండి సార్. అమ్మ వినగూడదు."

వెనక బెంచీ నుంచి ధర్మేంద్ర లేచాడు. ఫోను తీసి, ఎవరినీ చూడకుండా, పక్క తలుపు గుండా బయటికి వెళ్ళిపోయాడు. లోహిత చేతిలో ఫైలు అలాగే ఉండిపోయింది. అఖ్సా తనకు కూడా ఏమీ చెప్పలేదని ఆమె ముఖమే చెబుతోంది.

న్యాయమూర్తి అటెండర్ వైపు చూశారు. అటెండర్ గుమ్మం దగ్గరికి వెళ్ళి, "రాండమ్మా, కాసేపు బయట కూర్చోండి" అన్నాడు.

జహీరున్నీసా తలుపు రెక్క వదిలింది. బయటికి కాదు, లోపలికి నడిచింది. చెప్పులు చప్పుడు కాకుండా కటకటాల దాకా వచ్చి, కూతురికి ఎదురుగా నిలబడింది. మూడు కాగితాలూ నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది.

"నేను పోను," అంది. "నేను విననిది నువ్వొక్కదానివే ఎన్ని దినాలు మోస్తావు? చెప్పు బిడ్డా."

అఖ్సా తల అడ్డంగా ఊపింది. జహీరున్నీసా కదల్లేదు. అటెండర్ ఏం చెయ్యాలో తోచక వెనక్కి చూశాడు.

న్యాయమూర్తి కలానికి మూత పెట్టి బల్ల మీద పెట్టారు.

"తలుపులు మూయండి," అన్నారు.

తల్లి లోపలే ఉంది.